చట్టంలో మా పెద్దవ్వ

"అన్నా, పెద్దవ్వ పోయింది." మొన్న మంగళవారం పొద్దున ఇచ్చోడ బస్టాండులో చాయ్ తాగుతుంటే చెల్లె ఫోన్‌లో ఈ మాట రెండుసార్లు అరవాల్సి వచ్చింది. మొదటిసారి నాకు వినపడలేదు. అటుపక్క సాంచాలు నడుస్తున్నాయి. మరమగ్గాలను మా ఊళ్లో సాంచాలంటారు. వాడకట్టులో మనిషి పోతే ఒక పూట సాంచాలు బంద్ పెట్టే ఆచారం ఉంది మాకు. పెద్దవ్వకు ఆ ఒక్క పూట కూడా పెట్టలేదని ఊరికి చేరాక తెలిసింది. ఆర్డరు అర్జంటట.

నేను ఇచ్చోడ దగ్గర ఒక సర్కారు బడిలో తెలుగు పంతులును. బడికి సెలవు చెప్పి, నిర్మల్‌లో ఒక బస్సు, కోరుట్లలో ఇంకో బస్సు మారి ఊరికి పోయాను. కరీంనగర్ దాటి వేములవాడ తొవ్వ పట్టుకుంటే వచ్చే నేతపని ఊరు మాది. దారి పొడుగునా నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఇది రాసే ఈ పూటకు కూడా ఆ కోపం తగ్గలేదు. చదివేవాళ్లు మన్నించాలి.

పెద్దవ్వ మా అవ్వకు, అంటే అమ్మకు, సొంత అక్క. పిల్లలు లేరు. మా అవ్వ, బాపు పొద్దంతా పనిమీద ఉంటే నేను, మా చెల్లె ఆమె ఇంట్లోనే పెరిగాం. ఆమె కండెలు చుట్టేది. నేతలో అడ్డంగా పోయే పోగును చిన్న చిన్న కండెలకు చుట్టి ఇస్తే గాని సాంచా నడవదు. ఆ పని చేసేవాళ్లంతా ఆడవాళ్లే. చీర గురించి, సేటు గురించి, కార్మికుడి గురించి మాట్లాడతారు గాని కండెలు చుట్టేవాళ్ల గురించి మా ఊళ్లో ఎవరూ మాట్లాడరు.

సాయంత్రం పని దిగగానే ఆమె చేసే మొదటి పని చేతులు నానబెట్టుకోవడం. ఒక పాత తొట్టిలో గోరువెచ్చని నీళ్లు పోసి, ముందు మోచేయి ముంచి వేడి చూసేది. చేతికి వేడి తెలియదు ఆమెకు. నానిన చేతులకు నూనె పూసుకుని, గడప దగ్గర వెలుతురులో కూచుని నన్ను పిలిచేది.

"కొడుకా, నీ కండ్లు మంచిగున్నయి. జర జూడు, ఎక్కడన్న కోసుకపోయిందా?"

నేను ఒక్కో వేలు పట్టుకుని చూసేవాణ్ణి. పోగు కోసిన గీతలు కనపడేవి. ఒక్కోసారి రక్తం ఎండి ఉండేది, అది ఎప్పుడు కారిందో ఆమెకు తెలిసేది కాదు. "ఇగో, ఇక్కడ" అంటే పసుపు అద్దుకుని, "నొప్పి లేదు తీ, ఫికర్ జెయ్యకు" అనేది. నొప్పి లేకపోవడమే ఆమె జబ్బని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

మా దగ్గర దాన్ని పెద్దరోగం అంటారు. పుస్తకాల మాటలో కుష్టు. పెళ్లయిన కొత్తల్లో వచ్చింది ఆమెకు. దూరాన ఉన్న మిషన్ దవాఖానలో చేరి, గోళీలు మింగి, మందు పూర్తిచేసి ఇంటికి వచ్చింది. ఇక రోగం లేదు, నీ నుంచి ఎవరికీ అంటదు అని డాక్టరమ్మ చెప్పి పంపింది. రోగం పోయింది గాని వేళ్లు వంగి అట్లాగే ఉండిపోయాయి. ఎడమచేతి వేళ్ల కొసలు అరిగిపోయాయి. దవాఖాన నుంచి తీసుకొచ్చిన రోజు మా పెద్దబాపు, అంటే ఆమె పెనిమిటి, వెనకసందు ఉన్నా అటు పోకుండా వాడకట్టు నడుమ నుంచే ఆమెను నడిపించుకుంటూ వచ్చాడట. ఆ సంగతి ఆమె చెప్పేటప్పుడు పండుగనాటి ముచ్చట చెప్పినట్టు చెప్పేది.

మాకు అన్నం మాత్రం చెంచాతో పెట్టేది. ముద్దలు కలిపి పెట్టేది కాదు. చుట్టాలు, పక్కింటివాళ్లు చూస్తుంటారు గదా. ఒకనాడు మా అవ్వ చూసి, వచ్చి మా మధ్యలో కూచుంది. "అక్కా, నాకు బెట్టు. చేత్తోని బెట్టు" అంది. పెద్దవ్వ "ఎందుకే, ఒర్రుతరు" అంది. అవ్వ నోరు తెరిచి అట్లాగే కూచుంది, పక్కింటామె గోడమీంచి చూస్తుండగానే. ఆ రోజు పప్పు, చింతపండు చారు. ఆ తర్వాత చెంచా మళ్లీ కనపడలేదు మాకు.

బయటివాళ్లతో మాత్రం ఆమెకు ఒక అబద్ధం ఉండేది. కొత్తవాళ్లెవరైనా వేళ్లకేమైందని అడిగితే "సాంచల వడ్డయ్" అనేది. మా ఊళ్లో అంతకంటే మర్యాదైన జవాబు లేదు. సాంచాలో వేళ్లు పోగొట్టుకున్నవాళ్లు ప్రతి వాడకట్టులో ఉంటారు. వాళ్లను చూసి అయ్యో అంటారు, పక్కన కూచోబెట్టుకుంటారు, చాయ్ పోస్తారు. అదే పెద్దరోగం అంటే చాయ్ గ్లాసు తీసుకుపోయి విడిగా కడుగుతారు. అందుకని బస్సుల్లో, పెళ్లిళ్లలో, బ్యాంకు కాడ ఆమె సాంచా మీద నెట్టేసేది. నవ్వుకుంటూ నెట్టేసేది. "పాపం, సాంచకేం దెల్సు? నాకోసం మాటవడుతది" అనేది.

పెద్దబాపు పోయాక నేతకార్మికుల సొసైటీలో ఆయన సభ్యత్వం ఆమెకు వచ్చింది. కండెలు చుట్టే ఆడవాళ్లలో సొసైటీ సభ్యురాలు ఆమె ఒక్కతే. మిగతావాళ్లకు సభ్యత్వం ఎందుకివ్వరని అడగడం అప్పుడు మొదలుపెట్టింది. సాంచా నడిపేవాడు కార్మికుడైతే కండె చుట్టేది ఏమవుతుంది? కార్డు లేదు, దవాఖాన సాయం లేదు, చస్తే ఇంటివాళ్లకు ఏమీ లేదు. ప్రతి మీటింగులో లేచి ఇదే అడిగేది. అడిగిన ప్రతిసారీ "చూద్దాం అక్కా" అనేవాడు అధ్యక్షుడు. అతను మా వాడకట్టులోనే సాంచాలు పెట్టి నడిపించే ఆసామి.

"సూద్దం సూద్దం అనుకుంట వీడు సూడనే సూడడు. నేనే లోపటికి వోయి సూస్త" అంది ఒకరోజు. డైరెక్టరుగా నిలబడతానంది. కండెలు చుట్టేవాళ్ల పెనిమిట్లు, కొడుకులు సభ్యులే గదా. ఆ ఆడవాళ్లు ఇంటింటా చెప్పి ఓట్లు వేయిస్తామన్నారు. గెలుస్తుందని అందరికీ తెలుసు. ఆసామికి ఇంకా బాగా తెలుసు.

నామినేషన్లు పరిశీలించే రోజున నేను పక్కనే ఉన్నాను. ఆసామి లేచి, చేతులు కట్టుకుని, చాలా మర్యాదగా చెప్పాడు.

"సార్, అక్క మీద నాకు మస్తు గౌరవం. గని చట్టం ఒకటున్నది గద. కుష్టు ఉన్నోళ్లు నిలవడరాదని."

ఎన్నికల కోసం వచ్చిన అధికారి పుస్తకం తెరిచాడు. ఉంది. పిచ్చివాళ్లు, దివాళా తీసినవాళ్లు, నేరం చేసి శిక్షపడ్డవాళ్లు, వాళ్ల వరసలోనే ఇది కూడా. ఆ మాట రాసిన కాలంలో మందు లేదేమో. మందు వచ్చి మా పెద్దవ్వకు నయమై, తల నెరిసినా ఆ మాట మాత్రం అక్కడే కూచుని ఉంది. నయమైందన్న డాక్టరు కాగితం చూపించాం. ఆసామి చేతుల వంక చూపించాడు.

అధికారి చెడ్డవాడు కాదు. ఎటూ తేల్చుకోలేక కొంచెంసేపు కళ్లద్దాలు తుడుచుకున్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "అమ్మా, వేళ్లు సాంచల వడ్డయని అందరు అంటున్నరు. అదే ఒక కాయిదం మీద రాసి సంతకం పెట్టుండ్రి. నేను నామినేషన్ ఓకే జేస్త. ఇగ ఎవ్వలేం మాట్లాడరు" అన్నాడు.

నాకు ఆ మాట వినగానే ప్రాణం లేచి వచ్చింది. ఎన్నో ఏండ్లుగా చెబుతున్నదే గదా, ఇంకొక్కసారి చెబితే ఏం పోయింది? కిటికీ అవతల కండెలు చుట్టే ఆడవాళ్లంతా నిలబడి "పెట్టు పెద్దమ్మా, పెట్టు" అంటున్నారు. నేను తెల్లకాగితం ఆమె ముందు పెట్టాను.

పెద్దవ్వ కాగితం నాకు తిరిగిచ్చేసింది.

"బస్సుల జెప్పిన అబద్ధం బస్సు దిగంగనె వోయింది సారూ. గిదిట్ల రాసిస్తె, రేపు నాలెక్క ఇంకొకామె వస్తది. ఆమె వేళ్లు గూడ సాంచలనే వడాల్నా? నాకు పెద్దరోగమొచ్చింది. తగ్గింది. గంతే. గిది రాసుకోని తీసుకుంటె తీసుకోండ్రి."

అంతమందిలో ఆమె ఆ రోగం పేరు తన నోటితో అనడం నేను అదే మొదటిసారి విన్నాను. అధికారి తల దించుకుని నామినేషన్ కొట్టేశాడు. బయటకు వస్తూ ఆమె ఆగి, "సారూ, మరి నా ఓటు చెల్లుతదా?" అని అడిగింది. చెల్లుతుందన్నాడు. "ఓటుతోని రోగం అంటుకోదన్నట్టు" అని నవ్వింది. మేమెవరం నవ్వలేదు. ఆసామి మళ్లీ గెలిచాడు.

ఆ తర్వాత తెలంగాణ ఉద్యమం వచ్చింది. మా ఊళ్లో ఆడా మగా అంతా రోడ్ల మీదే ఉన్నాం ఆ రోజుల్లో. పెద్దవ్వ కూడా వచ్చి ధర్నాలో కూచుంది, బువ్వ కూడా అక్కడే తిన్నది. మన రాష్ట్రం వస్తే మన చట్టాలు మనమే రాసుకుంటామని సభల్లో చెప్పేవారు. ఆమె ఆ మాటను అక్షరాలా నమ్మింది. రాష్ట్రం వచ్చిన కొన్నాళ్లకు, "కొడుకా, గా పుస్తకం కొత్తది అచ్చేసిండ్రట గద, తెచ్చి సదువు" అంది. కరీంనగర్‌లో ఒక వకీలు మిత్రుడి దగ్గర తీసుకొచ్చాను. పాత చట్టాలను కొత్త రాష్ట్రానికి సరిచేసి అచ్చువేసిన పుస్తకం. పాత రాష్ట్రం పేరు ఉన్న ప్రతిచోటా కొత్త రాష్ట్రం పేరు పెట్టారు. ఒక్కచోట కూడా వదల్లేదు. అంటే ఎవరో కూచుని ప్రతి పేజీ తిప్పారు గదా. ఆ పేజీ కూడా తిప్పారు. ఆ మాట కళ్లముందు పెట్టుకుని, దాని పైన ఉన్న రాష్ట్రం పేరు మార్చి, ముందుకు పోయారు. నాకు ఇప్పటికీ ఆ మనిషి దొరికితే బాగుండునని ఉంటుంది. నేను చదివింది పెద్దవ్వ చివరిదాకా విన్నది. "ఇగ మనదే అన్నట్టు గది గూడ" అంది.

ఆ మాట తీసేయించాలని ఆ ఏడాది నుంచి ఆమె కాళ్లు నిలవలేదు. అరుగుల మీద, ఆఫీసుల బయట కూచుంది. ఒక నాయకుడి ఇంటికి నేను తోడుపోయాను. అందరినీ లోపలి సోఫాలో కూచోబెట్టి, ఆమెకు వరండాలో ప్లాస్టిక్ కుర్చీ వేశారు. అందరికీ కప్పుల్లో, ఆమెకు కాగితం గ్లాసులో చాయ్ వచ్చింది. ఆమె పక్కన మెట్టు మీద ఉన్న నేను లేవబోతే నా అంగీ పట్టుకుని కూచోబెట్టింది. "అంటె అననియ్యి, పెడితె పెట్టనియ్యి. వచ్చిన పని జూడు" అంది. ఈ మాట ఆమె ఎప్పుడూ అనేదే. ఆ పూట మాత్రం నేను చాయ్ ముట్టుకోలేదు. నాయకుడు బయటకు వచ్చి, దూరం నుంచే దండం పెట్టి, "చిన్న సవరణనే గదమ్మా, అయిపోతది" అన్నాడు. ఆ చిన్న సవరణ కోసం ఆమె ఇంకా ఎన్నో వరండాల్లో కూచుంది.

చివరికి అయింది. ఈ మధ్యే. పాత చట్టాల్లో సాంకేతిక సవరణలు అని ఒక బిల్లు పెట్టారు. కుష్టు మాట తీయడానికి ప్రత్యేకంగా కాదు. పాత జిల్లాల పేర్లు మార్చడం, ఎప్పుడో రద్దయిన పదవులు తీసేయడం, అణాల్లో ఉన్న జరిమానాలను రూపాయల్లోకి తేవడం, వాటి నడుమ ఎక్కడో ఇది. చర్చ లేదు. చదివారు, చేతులెత్తారు, అయిపోయింది. పేపర్లో లోపలి పేజీలో రెండు వాక్యాలు వచ్చాయి. వకీలు మిత్రుడు వివరం పంపితే పరుగున పోయి పెద్దవ్వకు చదివి వినిపించాను. సంతోషపడుతుందని ఆశపడ్డాను. మిఠాయి కూడా పట్టుకుపోయాను.

"అసెంబ్లీల ఎవ్వలు మాట్లాడిండ్రు?" అని అడిగింది.

"ఎవ్వలు మాట్లాడలే పెద్దవ్వా. అందరు సరే అన్నరు."

"తప్పయిందని గూడ అన్లేదా?"

"అన్లే."

"మరి ఎందుకు దీసిండ్రట?"

కాగితంలో ఉన్నదే చదివాను. కాలం చెల్లిన పదాలను తొలగించుటకు.

"పాతగయ్యిందని దీసిండ్రు. తప్పని కాదు" అంది. మిఠాయి పెట్టె మూత తీసి, నాకొకటి, చెల్లెకొకటి ఇచ్చింది. తను తినలేదు. కాసేపయ్యాక, "అణాలు, నేను ఒక్క కాయిదంలనే వోయినం" అంది. నవ్వుతుందేమోనని చూశాను. నవ్వలేదు.

అయినా ఆమె ఊరుకునే మనిషి కాదు. ఆ వయసులో, నడుము వంగినాక, "ఇప్పుడు నిలవడొచ్చు గద మరి? ఎలక్షన్లు ఎప్పుడట?" అని మొదలుపెట్టింది. ఎలక్షన్లు లేవు. సొసైటీ పాలకవర్గం గడువు ముగిసింది, ఇన్‌ఛార్జిని పెట్టారు, ఆ ఇన్‌ఛార్జి గడువు పొడిగించారు, మళ్లీ పొడిగించారు. ఆసామి పదవి పోయినా పెత్తనం పోలేదు, ఇన్‌ఛార్జి అతని కుర్చీ పక్కనే కూచుంటాడు. నేను ఫోన్ చేసినప్పుడల్లా పెద్దవ్వ మొదట అడిగే మాట అదే. బాగున్నావా అని కూడా కాదు, "ఏమన్న దెల్సిందా కొడుకా?" అని. నేను లేదనేవాణ్ణి. "అయితది తీ, చట్టం మారింది గద" అని ఆమే నాకు ధైర్యం చెప్పేది. కిందటి వారం కూడా అడిగింది. కండెలు చుట్టేవాళ్లకు ఈసారైనా కార్డులు రావాలంది. నిలబడడానికి వీలున్నప్పుడు నిలబడే ఎన్నిక లేక, ఆమె అట్లాగే పోయింది.

నేను చేరేసరికి స్నానం చేయిస్తున్నారు. మా కులం పెద్దమనుషులు దూరంగా వేపచెట్టు కింద కూచున్నారు. స్నానం ఎవరు చేయించాలనే ముచ్చట వచ్చి, ఎవరో మెడికల్ షాపుకు పోయి రబ్బరు తొడుగులు తెమ్మన్నారట. అవి వచ్చేలోపే కండెలు చుట్టే ఆడవాళ్లు పని ఆపుకుని వచ్చి, ఆమెను ఎత్తి పీట మీద కూచోబెట్టారు. ఒకామె నీళ్లలో మోచేయి ముంచి వేడి చూసింది. అలవాటు పెద్దవ్వదే, ఆమె దగ్గరే చూసి నేర్చుకున్నట్టుంది. ఒకామె చేతులకు నూనె రాసింది, వేలు వేలుకూ, మధ్యలో సందుల్లోకి కూడా. అప్పుడు వచ్చింది నాకు ఏడుపు. మా చెల్లె పక్కన నిలబడి, గట్టిగానే ఏడ్చాను. ఆ ఆడవాళ్లకు నేను ఏమిచ్చుకోగలను? వాళ్లలో ఒక్కరికీ ఇప్పటికీ సభ్యత్వం లేదు.

దహనం అయ్యాక మర్నాడు పొద్దున పాలప్యాకెట్ కోసం చౌరస్తాకు పోయాను. అక్కడ ఫ్లెక్సీ కట్టి ఉంది. పైన పెద్ద అక్షరాల్లో కన్నీటి నివాళి. కింద, మహిళా కార్మికుల ఆశాజ్యోతి. ఆ కింద మూలకు ఆసామి ఫొటో, అతని పేరు, మాజీ అధ్యక్షుడు అని. నడుమ మా పెద్దవ్వ మొహం. చెల్లె పెళ్లిలో తీసిన ఫొటో అది, బొట్టు లేకున్నా నవ్వుతూ ఉంటుంది. మొహం కింద చీరె, చీరె ముందు దండం పెడుతున్న రెండు చేతులు.

నేను కొంచెం దగ్గరికి పోయి చూశాను. ఆ వేళ్లు పొడుగ్గా, నున్నగా, సక్కగా ఉన్నాయి. గోళ్లకు రంగు కూడా ఉంది.

ఫ్లెక్సీ షాపు ఎదురుగానే. షట్టరు అప్పుడే తీస్తున్నాడు షాపతను. ఆ చేతులెవరివని అడిగాను.

"ఎవలియో దెల్వది సార్. కంప్యూటర్ల ఉంటయి. ఫొటోల అమ్మ చేతులు మంచిగ రాలేదని మా అధ్యక్షుడు సార్ మార్చుమన్నడు. సక్కగనే సెట్టయినయి గద?"

నేను మళ్లీ ఫ్లెక్సీ దిక్కు తిరిగాను. వెనక పొద్దుటి పనికి పోయే కండెలవాళ్లు గుంపుగా వచ్చి ఆగారు. నిన్న నూనె రాసినామె తల పైకెత్తి చాలాసేపు చూసింది. తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, మిగతావాళ్ల వెంట సాంచాల దిక్కు పోయింది. గాలికి ఫ్లెక్సీ ఊగుతూ ఉంది. మా పెద్దవ్వ నవ్వుతూ ఉంది, ఎవరివో ఆ చేతులు ఊరందరికీ దండం పెడుతూ ఉన్నాయి.